తృప్తి ఏ కాంటూరు దగ్గర?

కొల్లేరు మీద తగవంతా ఒక గీత గురించి. సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు మేరకు గీసిన ఆ గీతను ఇక్కడ ఐదో కాంటూరు అంటారు. దాని లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో ప్రభుత్వం వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. పదో కాంటూరు దాకా లెక్కేస్తే సరస్సు 901 చదరపు కిలోమీటర్లు. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది ఆ లెక్కతోనే. మూడో కాంటూరుకు దించితే మిగిలేది 135. దించమని 2008లో శాసనసభ తీర్మానించింది, కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదరదంది. కైకలూరు, ఆకివీడు, ఏలూరు వైపు ఎన్నికల సభల్లోనూ టీ కొట్ల దగ్గరా పాతికేళ్లుగా నలుగుతున్న ఈ గొడవను పక్షులకూ పొట్టకూటికీ మధ్య గొడవగా చూడటం మనకు అలవాటు. దాన్ని మరోలా కూడా చదవొచ్చు. మనిషికి ఎంత ఉంటే చాలు, ఆ మాట ఎవరు తేల్చాలి, తేల్చినవాళ్లు దానికి కట్టుబడేది ఎప్పుడు అన్న ప్రశ్నకు మన కళ్లెదుట ఇంత పెద్ద ఉదాహరణ ఇంకోటి లేదు. నిరాడంబరంగా, ఎరుకతో బతికితే తృప్తి దొరుకుతుందా అన్న పాత చర్చలో మన దగ్గరున్న జవాబుల్లో ఎక్కువ భాగం మనిషిని ఒంటరిగా నిలబెట్టి చెప్పినవే. కొల్లేటి అనుభవం చెప్పేది వేరు. ఆశకు హద్దు ఒక్కడే గీసుకుంటే నిలవదు. చుట్టూ ఉన్నవాళ్లతో కలిసి గీసుకోవాలి. అదీ కడుపు నిండి, అప్పుల వాళ్ల భయం లేని స్థితిలో ఉండి గీసుకోవాలి.

తృప్తి పాఠానికి మన సాహిత్యంలో కరువు లేదు. వేమన దగ్గర్నుంచి శతకకారులందరూ చెప్పిందే. పోతన భాగవతం అష్టమ స్కంధంలో వామనుడు బలి చక్రవర్తికి చేసిన ఉపదేశాన్ని తెలుగు పిల్లలు తరాల తరబడి కంఠస్థం చేశారు. మూడడుగుల నేల చాలన్న ఆ వడుగు చివరికి ముల్లోకాలూ కొలిచేసుకున్నాడన్న సంగతి మాత్రం పాఠం చెప్పేటప్పుడు ఎవరూ ఎత్తరు. కొల్లేటి లంకల్లో ఎవరికైనా ఆ కథ వింటే తమ చెరువు బయటి ఆసామికి మొదటిసారి లీజుకిచ్చిన రోజు గుర్తొచ్చినా ఆశ్చర్యం లేదు. ఆధునిక కాలంలో ఇదే పాఠాన్ని గాంధీ 1909లో హింద్ స్వరాజ్‌లో నాగరికత మీద విమర్శగా మార్చారు. అమెరికాలో థోరో అంతకు ముందే, 1845 నుంచి రెండేళ్ల పైచిలుకు వాల్డెన్ చెరువు గట్టున గుడిసెలో బతికి చూపించాడు. ఆ గుడిసె వేసిన స్థలం స్నేహితుడు ఎమర్సన్‌ది. నిరాడంబరతకు కూడా వెనక ఒకరి పట్టా కావాలన్నమాట. ఈ వరసలో కాస్త వేరుగా ఆలోచించినవాడు జె.సి. కుమారప్ప. 1945 నాటి తన పుస్తకంలో ఆయన పరాన్నజీవి బతుకు నుంచి సేవ దాకా ఐదు రకాల ఆర్థిక పద్ధతుల్ని విడదీసి, మనిషి ఆశను మనిషి మనసులో కన్నా అతను నడిచే ఏర్పాటులో వెతికాడు. తెలుగులో ఆయన్ని గౌరవించేవాళ్లు చాలామందే ఉన్నారు, చదివేవాళ్లు తక్కువ.

ఏర్పాటు అన్న మాట ఎంత పాతదో చూడాలంటే కొల్లేటికి ఎగువన మెట్టలో ఉన్న గుంటుపల్లికి వెళ్లాలి. జీలకర్రగూడెం దగ్గర కొండలో క్రీస్తు పూర్వపు శతాబ్దాల్లో బౌద్ధ భిక్షువులు తొలిపించుకున్న గుహలున్నాయి. అక్కడి గుండ్రటి చైత్యంలోకి వంగి వెళ్లి తలెత్తితే రాతి కప్పుకు వాసాలు కనిపిస్తాయి. పూరింటికి కర్రతో వేసే వాసాల్ని, అవసరం లేకపోయినా, రాతిలో అచ్చంగా చెక్కారు. ఆ పక్కనే భిక్షువుల గదులు, ఒక మనిషి నడుం వాల్చడానికి సరిపోయేటంత. ఇంతకన్నా తక్కువతో బతకడం కష్టం. కానీ ఆ బతుకు ఒంటరి సాహసం కాదు. కొండ తొలిపించడానికి దాతలు కావాలి, భిక్ష వేయడానికి ఊళ్లు కావాలి, చీవరం, తిండి, పడక, మందు దాటి అడగకూడదన్న వినయ నియమం కావాలి, ఆ నియమం తప్పితే అడిగే సంఘం కావాలి. భిక్షువు మనోనిగ్రహం ఎంతో మనకు తెలియదు. అతని చుట్టూ కట్టిన కట్టుబాటు ఎంత గట్టిదో మాత్రం వినయ పిటకం చదివితే తెలుస్తుంది.

అదే సంప్రదాయం వేరే దారిలో తిరిగి ఈ నేలకు వచ్చింది. మాండలేలో పుట్టిన ఎస్.ఎన్. గోయెంకా 1969లో భారతదేశంలో విపశ్యన శిబిరాలు మొదలుపెట్టారు. ఆ పరంపరలోని కేంద్రం ఒకటి, ధమ్మ విజయ, ఏలూరికి దగ్గర్లో పెదవేగి మండలం విజయరాయిలో ఉంది. పది రోజుల శిబిరం. తెల్లవారుజామున 4 గంటలకు గంట కొడతారు. ఫోన్లు ముందే అప్పగించాలి, మాట్లాడకూడదు, పుస్తకం పట్టకూడదు. ఫీజు లేదు, ఇంతకు ముందు శిబిరం చేసినవాళ్లిచ్చే దానంతో నడుస్తుంది. పది రోజులు అక్కడున్నవాళ్లకు ఒళ్లు తేలికపడటం, నిద్ర కుదురుకోవడం వింతేమీ కాదు. నా దృష్టిలో అందులో సగం ఘనత ఆ ఏర్పాటుది. వండిపెట్టేవాళ్లున్నారు, పక్కవాడి చేతిలోనూ ఫోన్ లేదు, ఎవరి బట్టలు ఎంత ఖరీదైనవో గమనించే తీరిక ఎవరికీ ఉండదు. ఇంటికొచ్చిన నెలకే ఆ నిశ్శబ్దం ఎందుకు చెదిరిపోతుందని అడిగేవాళ్లు తమ సంకల్పాన్ని తప్పుపట్టుకుంటారు గానీ, చెదరగొట్టింది చాలా వరకు ఇల్లు, ఊరు, ఉద్యోగం అని ఒప్పుకోరు.

ఎరుక వల్ల మేలుందా అన్న ప్రశ్నను వైద్య పరిశోధకులు కూడా పట్టుకున్నారు. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబట్-జిన్ ధ్యానాన్ని మతం నుంచి విడదీసి ఆసుపత్రిలో వాడటం మొదలుపెట్టాక వేల అధ్యయనాలు వచ్చాయి. వాటిలో గట్టిగా నిలిచేవాటిని ఏరి 2014లో ఒక బృందం లెక్క తేల్చింది: 47 పరీక్షలు, 3,515 మంది. ఆందోళన, దిగులు, నొప్పి, ఈ మూడింటి మీద ధ్యానం ఓ మోస్తరుగా పనిచేస్తుంది. వ్యాయామం కన్నా, మందుల కన్నా మెరుగని చెప్పడానికి ఆధారం దొరకలేదు. ఇది తీసిపారేసే ఫలితం కాదు, చేతికి కంకణం కట్టుకుని ప్రచారం చేయాల్సినంత ఫలితమూ కాదు. ధ్యానం దిగులును తగ్గిస్తుంది. దిగులు పుట్టించే లీజు బాకీని తగ్గించదు.

ఆ బాకీ సంగతి కొల్లేటి గట్టు మీద దగ్గర్నుంచి చూడాలి. చేపల చెరువులో మేత వేసే పద్ధతి ఈ ప్రాంతపు రైతులు తమంతట తాము కనిపెట్టుకున్నది. సంచికి చిల్లులు పొడిచి, తవుడు, వేరుశనగ చెక్క, పత్తి చెక్క కలిపి నింపి, నీళ్లలో పాతిన గెడలకు వరసగా వేలాడదీస్తారు. బొచ్చెలూ శీలావతులూ చిల్లుల దగ్గర మూగి, మూతితో పొడిచి తింటాయి. దోనెలో వెళ్లిన మనిషి సంచి ఎత్తి చేత్తో బరువు చూస్తాడు. వేగం ఖాళీ అయితే చేప బాగున్నట్టు, అడుగున తడిసిన తవుడు మిగిలితే ఏదో తేడా చేసినట్టు. పగలంతా ఎండ కాస్తే నీళ్లలోని నాచు ఊపిరిని తయారు చేస్తుంది, రాత్రి అదే నాచు తిరిగి వాడేసుకుంటుంది. అందుకే చెరువుకు గండం తెల్లవారుజామున. ముందు రోజు మబ్బు పట్టిందంటే రైతుకు ఆ రాత్రి కంటి మీద కునుకుండదు. చేపలు నోళ్లు పైకెత్తి తేలడం మొదలైతే, మోటార్లు వేసి కొత్త నీరు ఎక్కించడమో, ఏరియేటర్లు తిప్పడమో గంటలో జరగాలి. ఆలస్యమైతే ఏడాది పెట్టుబడి తెల్లారేసరికి తెల్లటి పొట్టలతో గట్టుకు కొట్టుకొస్తుంది. విజయరాయిలో 4 గంటలకు లేచేవాడు ఊపిరిని గమనిస్తాడు. కొల్లేటి గట్టు మీద అదే వేళకు టార్చిలైటు పట్టుకు నిలబడ్డవాడూ ఊపిరినే గమనిస్తున్నాడు, అది చేపల ఊపిరి. ఇద్దరిదీ ఎరుకే. ఒకరి ఎరుక తేలిక చేస్తే రెండో ఎరుక రక్తపోటు తెస్తుంది. కాబట్టి శ్రద్ధగా గమనించడంలోనే శాంతి ఉందనడం సగం నిజం. దేనికి భయపడి గమనిస్తున్నాం అన్నది మిగతా సగం.

భయం ఎక్కువగా అప్పు రూపంలో ఉంటుంది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం రైతు కుటుంబాల స్థితిగతుల మీద చేసిన సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం కుటుంబాలకు అప్పుంది, సగటున కుటుంబానికి రూ. 2,45,554. దేశం మొత్తం మీద చూస్తే 50.2 శాతం, రూ. 74,121. అప్పులో దేశంలోకెల్లా ముందున్న రాష్ట్రంలో, పైగా నీళ్లున్న సస్యశ్యామలమైన డెల్టా జిల్లాల్లో కూర్చుని తృప్తి గురించి మాట్లాడుతున్నామన్నది మరవకూడదు. ఈ స్థితిలో మనసు ఏమవుతుందో చెప్పే అధ్యయనం ఒకటి మనకు పొరుగునే, తమిళనాడులో జరిగింది. 2013లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 464 మంది చెరకు రైతుల్ని కోతకు ముందు ఒకసారి, కోత అయ్యి డబ్బు చేతికొచ్చాక మరోసారి పరీక్షించారు. అదే మనిషి, అవే తరహా ప్రశ్నలు. కోతకు ముందు, చేతిలో డబ్బాడని రోజుల్లో, జవాబులు గణనీయంగా తప్పాయి. బుద్ధి తక్కువై కాదు, బుద్ధి అంతా బాకీల చుట్టూ తిరుగుతూ ఉండటం వల్ల. ఎరుకతో బతకమని అప్పులవాడికి చెప్పడం అతని దగ్గర లేనిదాన్ని ఖర్చు పెట్టమనడమే.

ఇక్కడ మొదటి ఆక్షేపణ ఎదురవుతుంది. చెరువులు రాకముందు కొల్లేటి జనం ఇంతకన్నా తక్కువతోనే తృప్తిగా బతికారు కదా, ఆ రోజులే నయం కదా అని. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవలలో నిలిపిన ఆ సరస్సు బతుకు మీద బెంగ పెట్టుకున్నవాళ్లు పట్నాల్లో చాలామంది. బెంగకు కారణం లేకపోలేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు వానాకాలంలో పరుచుకుని, ఉప్పుటేరు గుండా సముద్రానికి దిగి, వేసవికి కుంచించుకుపోయేది. నీరున్నన్నాళ్లు మావులు పెట్టి, వలలు వేసి కొరమేను, జెల్ల, ఇంగిలాయి, వాలుగ పట్టేవాళ్లు. నీరు తీసిన నేలలో దాళ్వా వరి వేసేవాళ్లు. ఎంత పట్టాలో, ఎప్పుడు ఆగాలో సరస్సే చెప్పేది. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు లంకలన్నీ కదిలేవి. కానీ ఆ లంకలకు దారి లేదు, పురిటి నొప్పులొస్తే దోనె తప్ప దిక్కు లేదు, వరదొస్తే గుడిసె మునిగేది, తాగే నీరే జబ్బు తెచ్చేది, చేప అమ్ముకున్న డబ్బు షావుకారు వడ్డీకి పోయేది. ఆ బతుకులో జనం తృప్తిగా ఉన్నామని చెప్పి ఉంటే ఆ మాటకు విలువెంత? 1944లో బెంగాల్‌లో జరిగిన ఆరోగ్య సర్వేను ఎత్తి చూపిస్తూ అమర్త్యసేన్ ఇదే అడిగారు. ఆ సర్వేలో భార్య పోయిన మగవాళ్లు తమ ఆరోగ్యం బాగోలేదని పెద్ద సంఖ్యలో చెప్పారు. అంతకన్నా అన్యాయమైన స్థితిలో ఉన్న వితంతువులు మాత్రం దాదాపు ఎవరూ చెప్పలేదు. లేమికి అలవాటు పడ్డ గొంతు ఫిర్యాదు చేయడం మానేస్తుంది. ఆ మౌనాన్ని తృప్తిగా లెక్క రాసుకోవడం ఎదుటివాడి కష్టంతో చేసే వేదాంతం. సేన్ మాటలో నిజముంది, దాన్ని ఒప్పుకున్నాకే ముందుకు పోవాలి. లేమి వేరు, సాదాసీదాతనం వేరు. రెంటికీ మధ్య తేడా, వద్దనగలిగే స్తోమత.

రెండో ఆక్షేపణ ఆర్థికవేత్తలది: డబ్బు పెరిగితే సంతోషం పెరుగుతుంది, ఈ సాదా జీవితపు కబుర్లెందుకని. 1974లో రిచర్డ్ ఈస్టర్లిన్, దేశాల ఆదాయం పెరిగినంతగా సంతోషం పెరగడం లేదన్నాడు. 2010లో కానెమన్, డీటన్ అమెరికాలో ఏటా 75,000 డాలర్లు దాటాక రోజువారీ సంతోషం పెరుగుదల ఆగిపోతోందన్నారు. 2021లో కిల్లింగ్స్‌వర్త్ అనే యువ పరిశోధకుడు ఆగడం లేదని చూపించాడు. 2023లో కానెమన్, కిల్లింగ్స్‌వర్త్ కలిసి కూర్చుని పాత అంకెల్ని మళ్లీ తిరగేసి, ఎక్కువమందికి ఆదాయంతోపాటు సంతోషం పెరుగుతూనే ఉంటుందనీ, బాగా దిగాలుగా ఉండే కొద్దిమందికి మాత్రం ఒక హద్దు దగ్గర ఆగిపోతుందనీ తేల్చారు. తగవు పడ్డవాళ్లు కలిసి లెక్క సరిచూసుకోవడం మన కొల్లేటి కమిటీల్లోనూ జరిగితే బాగుండును. అయితే ఈ ఫలితాన్ని పూర్తిగా చదవాలి. ఆదాయం రెట్టింపైనప్పుడల్లా సంతోషం ఒక మెట్టు ఎక్కుతుందన్నది అందులోని లెక్క. నెలకు 10,000 వచ్చేవాడు మరో 10,000తో ఎక్కే మెట్టును, లక్ష వచ్చేవాడు ఎక్కాలంటే మరో లక్ష కావాలి. అంటే డబ్బు అడుగున ఉన్నవాళ్లకు దక్కితేనే ఎక్కువ సుఖం పుట్టిస్తుంది, పైకి పోయేకొద్దీ ఖరీదైన వ్యవహారం అవుతుంది. ఇది సాదా జీవితాన్ని కొట్టేసే సాక్ష్యం కాదు. ఎవరు సాదాగా బతకాలి అన్నదాన్ని తేల్చే సాక్ష్యం.

పైగా ఆదాయం ఒంటరి అంకె కాదు. 2005లో ఎర్జో లుట్మర్ అమెరికా సమాచారంతో చూపించింది మన ఊళ్లలో అందరికీ తెలిసిన సంగతే: తన సంపాదన మారకపోయినా పొరుగువాళ్ల సంపాదన పెరిగితే మనిషి సంతోషం తగ్గుతుంది. ఉదాహరణకు, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు, బియ్యం మిల్లులు, 2015లో వచ్చిన నిట్, పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, ఇవన్నీ కలిసి గూడేన్ని చుట్టుపక్కల పల్లెలకు కొలబద్దగా మార్చాయి. ఎవరి పిల్లాడు ఏ కాలేజీ, ఎవరి ఇల్లు ఎన్ని అంతస్తులు, ఎవరి పెళ్లి ఏ ఫంక్షన్ హాల్లో అన్నది గూడెం రోడ్డు మీదే తేలుతుంది. సంక్రాంతికి కొత్త అల్లుడి ముందు వందల రకాల వంటకాలు పేర్చి వీడియో తీయించడం ఈ మధ్య గోదావరి జిల్లాల్లో పోటీగా మారింది. అంత తిండి తినగల అల్లుడు ఇంకా పుట్టలేదు. గోదావరి మర్యాద అంటే ఇది కాదనీ, పది మందికి పెట్టే చెయ్యి వేరు, కెమెరాకు పెట్టే చెయ్యి వేరనీ పెద్దవాళ్లు గొణుక్కుంటారు. కానీ ఒక ఇంట్లో 200 రకాలు పెట్టాక వియ్యాలవారి పరువు కోసం ఎదురింటివాళ్లు 30తో సరిపెట్టలేరు. వాళ్లకు తృప్తి లేక కాదు, కూతురు మాట పడుతుందని. కోరికల కొలత పక్కింటి నుంచి వస్తున్నప్పుడు, తగ్గించుకునే పని కూడా పక్కింటితో కలిసి చేయాలి. ఒక్కరే తగ్గించుకుంటే పిసినారి అంటారు. వీధి మొత్తం తగ్గించుకుంటే అది ఆచారమవుతుంది.

కలిసి చేయాలి అన్నాను గానీ, పైనుంచి చేయించాలి అనలేదు. ఆ రెంటి మధ్య తేడా చూపడానికి కొల్లేటి కన్నా మంచి ఉదాహరణ లేదు. 1970ల మధ్యలో ప్రభుత్వమే మత్స్యకారులకు, దళితులకు సహకార సంఘాలు పెట్టించి సరస్సులో చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. పెట్టుబడి లేని సంఘాలు కొన్నేళ్లకు ఆ చెరువుల్ని బయటి ఆసాములకు లీజుకిచ్చాయి. సభ్యుడు తన చెరువు గట్టు మీదే కాపలా కూలీ అయ్యాడు. 1999 తర్వాత చెరువులు చట్టవిరుద్ధమయ్యాయి. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ఆపరేషన్ కొల్లేరు పేరిట యంత్రాలు దిగి ఐదో కాంటూరు లోపలి గట్లను తెగ్గొట్టాయి. సరస్సు ఊపిరి పీల్చుకుంది. ఆటపాక గూడబాతులకు అది మేలే. కానీ ఆ లంకల్లో నిరాడంబరత రాలేదు, ఖాళీ చేతులు వచ్చాయి. లీజు డబ్బు పోయింది, ప్రత్యామ్నాయం మాటల్లో మిగిలింది, గుర్రపుడెక్క కమ్మిన నీళ్లలో పాత వేటకు పాత చేప లేదు. నాలుగేళ్లు తిరిగేసరికి గట్లు మళ్లీ లేవడం మొదలుపెట్టాయి. బలవంతపు మితం ఎంత న్యాయమైనదైనా దాన్ని మోయాల్సినవాళ్ల సమ్మతి లేకపోతే అది శిక్షలాగే అనిపిస్తుంది. శిక్షను ఎవరూ తృప్తిగా అనుభవించరు, తప్పించుకునే దారి వెతుకుతారు.

అయితే ఉమ్మడి హద్దులు నిలబడిన చోట్లున్నాయా? ఉన్నాయని ఎలినార్ ఆస్ట్రమ్ జీవితమంతా పోగు చేసిన సాక్ష్యం చెబుతుంది. స్విట్జర్లాండ్ పచ్చిక బయళ్లు, స్పెయిన్ సాగు కాలవలు, జపాన్ ఊరుమ్మడి అడవులు వందల ఏళ్లు చెడకుండా ఎలా నిలిచాయో 1990 నాటి పుస్తకంలో ఆమె వివరించింది. 2009లో అర్థశాస్త్రపు నోబెల్ ఆమెకు దక్కింది. హద్దు ఎక్కడో అందరికీ తెలియాలి, నియమం పెట్టడంలో వాడుకునేవాళ్లకు చోటుండాలి, కాపలా వాళ్లదే కావాలి, తప్పుకు శిక్ష చిన్నగా మొదలై పెరగాలి, పై ప్రభుత్వం వాళ్ల హక్కును గుర్తించాలి. ఐదో కాంటూరును ఈ పట్టికతో పోల్చి చూడండి. హద్దు రాళ్లే చాలా చోట్ల తగాదా. నియమం పెట్టింది హైదరాబాద్‌లో. కాపలా అటవీ శాఖది. శిక్ష మొదలవడమే గట్టు తెగ్గొట్టడంతో. సంప్రదాయ వేటకు అనుమతి కాగితం మీద ఉంది, ఆ వేట సాగే నీటి ప్రవాహం లేదు.

ఇక్కడ అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ వస్తుంది. ఊరి కట్టుబాటు అంటే ఎవరి కట్టుబాటు? 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని ఆదర్శంగా పూజించేవాళ్ల మీద విరుచుకుపడ్డది ఈ కారణంతోనే. కొల్లేటి లంకల్లో కులపెద్దల మాట కాదన్న కుటుంబాలను వెలివేసిన ఉదంతాలు పత్రికలకెక్కాయి. ఉమ్మడి చెరువు లీజు డబ్బు పంపకంలో ఆడవాళ్ల పేరు ఎక్కడుంటుందో అడిగితే జవాబు తడబడుతుంది. సాదాగా బతకమని సమాజం చెప్పినప్పుడల్లా ఆ మాట ముందు కోడలికీ, కూలికీ, చెప్పులేసుకుని వీధిలో నడవనివ్వని మనిషికీ వర్తించింది. దీనికి నా జవాబు, ఉమ్మడి హద్దును వదులుకోవడం కాదు, ఆ హద్దు గీసే చోట ఎవరు కూర్చున్నారో మార్చడం. పాత పంచాయితీ చేతిలో పెడితే పాత అన్యాయమే వస్తుంది. చట్టం కింద నమోదై, లెక్కలు బయట పెట్టి, ఆడవాళ్లకూ దళితులకూ ఓటున్న సంఘం చేతిలో పెడితే కనీసం తగాదా అయినా బహిరంగంగా జరుగుతుంది. ఒంటరిగా తన ఇంట్లో తను సాదాగా బతికే హక్కు ఎవరికైనా ఉంది. అయితే అలా బతికినవాడికి కూడా ఊరి నీళ్లే దిక్కు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పడిపోయినవాళ్లలో చాలామంది సామాన్య కుటుంబాలవాళ్లు, భోగలాలసకు దూరంగా బతికేవాళ్లే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి ఆ నీరంతా కొల్లేటి మీదికి వచ్చినప్పుడు, ఎవరెంత మితంగా బతుకుతున్నారని వరద అడగలేదు.

చేపల చెరువులు లేకపోతే అస్సాంకీ బెంగాల్‌కీ ఐసు పెట్టెల్లో పోయే చేప ఎవరు పంపుతారన్న ప్రశ్నను తొందరగా తేల్చేయొచ్చు. చెరువులన్నీ పూడ్చమని ఎవరూ అనడం లేదు. కైకలూరు, భీమవరం, గణపవరం చుట్టూ అభయారణ్యం బయట సాగు విస్తారంగా ఉంది. తగవు గీత లోపలివాటి గురించే.

ఇక ఇవాళ్టి పరిస్థితుల్లో సాదా జీవితం ఎక్కడ మొదలవ్వాలి? తిండి దగ్గర, బట్ట దగ్గర మొదలవ్వాలనుకోవడం పొరపాటు. ఆ రెంటిలో మన పల్లెలు ఇప్పటికీ పొదుపే. 2023-24 వినియోగ సర్వేలో దేశంలోని పల్లెల్లో ఖర్చులో తిండి వాటా 47 శాతమేనంటే, మిగతా 53 ఎక్కడికి పోతోందో అక్కడ చూడాలి. రైతు ఇంట్లో దీనికి తోడు సాగు ఖర్చు ఉంది. అందుకే ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సాగు కార్యక్రమం నాకు సాదా జీవితపు చర్చలో భాగంగానే కనిపిస్తుంది. రైతు సాధికార సంస్థ నడుపుతున్న ఆ పని 2024లో గుల్బెంకియన్ బహుమతిని మరో ఇద్దరితో పంచుకుంది. దానిలో దిగుబడి మీద వాదోపవాదాలున్నాయి, అవి ఉండాలి కూడా. గమనించాల్సింది దాని పునాది. అది డ్వాక్రా మహిళా సంఘాల మీద నిలబడింది. ఎరువుల కొట్టు బాకీ తగ్గించుకోవడాన్ని ఒక్కో రైతు సంకల్పానికి వదిలేయకుండా, పది మంది ఆడవాళ్లు వారానికోసారి కూర్చుని ఒకరి పొలం ఒకరు చూసుకునే పనిగా మార్చింది. ఖర్చు తగ్గితే అప్పు తగ్గుతుంది, అప్పు తగ్గితే రాత్రి నిద్ర పడుతుంది. ఈ వరసలో ధ్యానం వద్దనలేదు, అది చివరన వస్తే ఎక్కువ పనిచేస్తుంది.

కొల్లేటికి ఇదే వరస వర్తిస్తుంది. ఐదో కాంటూరు లోపల జిరాయితీ పట్టాలున్న రైతుకు పరిహారం, చెరువు లీజు మానుకునే సంఘ సభ్యుడికి మధ్యకాలంలో ఆదాయం, ఉప్పుటేరు పూడిక తీసి సరస్సులోకి నీరూ చేపా తిరిగి కదిలే ఏర్పాటు, ఇవి ఇంజనీర్ల, రెవెన్యూ అధికారుల ఫైళ్లలో విడివిడిగా నలుగుతున్నాయి. 2006లో గట్లు ముందు తెగాయి, పరిహారం మాట తర్వాత వచ్చింది. మూడో కాంటూరుకు దించమని ఇవాళ గట్టిగా అడుగుతున్నవాళ్లలో పెట్టుబడిదారులూ ఉన్నారు, వాళ్ల వాదనకు జవాబు చెప్పడం తేలికే. ఆ గుంపులో గొంతు కలిపే లంక గ్రామాల మత్స్యకారులు మాత్రం కాంటూరు అంకె కన్నా ఎక్కువగా ఆ తలకిందుల వరస గురించే అడుగుతున్నారు. వాళ్లకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.